కటాన్ ఆడదామని పోతే

శనివారం సాయంత్రం బెంగళూరు ఇందిరానగర్‌లో ఒక పబ్‌లో బోర్డ్ గేమ్స్ అంటే మారతహళ్లి నుంచి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వెళ్లా, తీరా చూస్తే టేబుల్ మీద కటాన్ ఉంది, అదే, గొర్రె, ఇటుక లాంటి కార్డులు కూడబెట్టి ఊళ్లు కట్టే ఆట, ఆడేది నలుగురు, కూర్చున్నది ఆరుగురం. ఎక్కువమంది ఆడటానికి విడిగా వచ్చే ఎక్స్‌టెన్షన్ లేకపోతే కుదరదురా బాబూ అంటే వింటేగా! చివరికి ఇద్దరిద్దరం జట్లు కట్టాం. రూల్స్ చెప్పేవాడు 40 నిమిషాలు చెప్పాడు, పైన స్పీకర్ల మోత, వాడు గొర్రె అంటే నాకు ఇటుక అని వినిపిస్తోంది, ఆ గుడ్డి లైట్లలో కార్డు రంగు కూడా తెలిసి చావదు. మా అమ్మమ్మ అష్టాచమ్మాకి నాలుగు గవ్వలూ ఒక సుద్దముక్కా చాలేవి తల్లీ.

ఎనిమిది కార్డులు కూడబెట్టి సిటీ కడదామనుకునేసరికి పాచికల్లో 7 పడింది, రూలు ప్రకారం సగం, అంటే నాలుగు పోయాయి. సరే అది ఆటే, ఒప్పుకుంటా. కానీ బీరు మగ్గు తెచ్చి సరిగ్గా బోర్డు మీదే పెట్టాలా?? 19 పలకల్లో మూడు తడిసి ఉబ్బిపోయాయి, పెట్టినోడేమో ఫోన్‌లో రీల్స్ చూస్తున్నాడు, వాడి వంతు వచ్చిందని ప్రతిసారీ భుజం తట్టి లేపాలి. ఎవరికీ గెలవడానికి కావాల్సిన 10 పాయింట్లు రాకముందే లాస్ట్ ఆర్డర్ అన్నారు. బిల్లు మాత్రం ఆరుగురికీ సమానం అట, నేను తాగింది ఒక్క లైమ్ సోడా!