దాహం వేయకముందే లీటరు నీళ్ళా? సైక్లిస్టుల ‘ఎనిమిది రహస్యాల’కు ఖండన

‘సైక్లిస్టులు తప్పక తెలుసుకోవలసిన ఎనిమిది రహస్యాలు’ అన్న సందేశం మళ్ళీ వచ్చింది. పంపినవారు మారుతున్నారే తప్ప అందులో ఒక్క అక్షరం మారడం లేదు. సుదూర రైడ్‌లకు కొత్తగా సిద్ధమవుతున్నవారు దీన్ని పాఠంలా దాచుకుని, అందులో ఉన్నట్టే చేస్తున్నారని తెలిశాక ఇక ఊరుకోవడం తప్పనిపించింది. ఈ ఎనిమిదింటిలో చాలావరకు నిరపాయకరమైన అపోహలే. ఒకటి మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది.

తొడల్లో పుట్టే మంటకూ, మర్నాడు మెట్లు దిగేటప్పుడు పట్టేసే నొప్పికీ లాక్టిక్ ఆమ్లమే కారణమనీ, మర్దనతో దాన్ని బయటికి పంపాలనీ మొదటి అంశం చెబుతుంది. ఇది వందేళ్ళ నాటి నమ్మకం. 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిని పంచుకున్న ఆర్చిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్‌హాఫ్‌ల కాలంలో, ఆక్సిజన్ అందని కప్ప కండరాల్లో ఆ ఆమ్లం పేరుకోవడం చూసి అలసటకు అదే కారణమని భావించారు. తర్వాత 1980లలో శాస్త్రవేత్త జార్జ్ బ్రూక్స్ ప్రతిపాదించిన సిద్ధాంతం ఆ దృష్టినే మార్చింది. ఒక కండరంలో తయారైన లాక్టేట్‌ను (ఒంట్లో లాక్టిక్ ఆమ్లం ఉండే రూపం) మిగతా కండరాలూ, గుండే ఇంధనంగా వాడుకుంటాయి. రైడ్ ముగిసిన గంట, గంటన్నరలో రక్తంలో దాని మోతాదు మామూలు స్థాయికి వచ్చేస్తుంది. అలాంటప్పుడు, 24 నుంచి 72 గంటల మధ్య ముదిరే నొప్పికి అది ఎలా కారణమవుతుంది? ఆ నొప్పి ప్రధానంగా కండరం సాగుతూ బరువు మోసినప్పుడు దాని పోగుల్లో కలిగే సూక్ష్మమైన గాయాల వల్ల వస్తుంది. పెడల్ తొక్కడంలో అలాంటి పని తక్కువ కాబట్టే, కొండ దిగుతూ పరుగెత్తినవారికి వచ్చినంత నొప్పి సైక్లిస్టులకు రాదు. మర్దన హాయిగా ఉంటే నిరభ్యంతరంగా చేయించుకోండి, కానీ అది ఏ ఆమ్లాన్నీ పిండి బయటికి పంపదు.

ఇక అసలు విషయం, రెండో అంశం. ‘దాహం వేసిందంటే అప్పటికే ఆలస్యమైనట్టే. దాహం వేసినా వేయకపోయినా గంటకు కనీసం లీటరు నీళ్ళు తాగాలి. ఎంత ఎక్కువ తాగితే అంత మంచిది.’ ఇది రాసినవారికి రక్తంలో సోడియం అనేది ఒకటుంటుందని గుర్తుందా?

లెక్క చూద్దాం. అరవై కిలోల మనిషి చల్లటి వాతావరణంలో నెమ్మదిగా తొక్కుతూ గంటకు 600 మిల్లీలీటర్ల చెమట కోల్పోతున్నాడనుకుందాం. సందేశం చెప్పినట్టు లీటరు తాగితే గంటకు 400 మిల్లీలీటర్లు మిగులుతాయి, ఆరు గంటల్లో అది 2.4 లీటర్లవుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడైతే మూత్రపిండాలు గంటకు దాదాపు లీటరు వరకు బయటికి పంపగలవు. కానీ గంటల తరబడి శ్రమిస్తున్నప్పుడు, నీటిని పట్టి ఉంచే వ్యాసోప్రెసిన్ హార్మోన్ తగ్గవలసినంతగా తగ్గకపోవచ్చు. అప్పుడు ఆ నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. శరీరంలో ఉన్న సుమారు 36 లీటర్ల నీటికి అది తోడైతే, లీటరుకు 140 మిల్లీమోల్స్ ఉన్న సోడియం 131కి దిగుతుంది. 135 కంటే తక్కువైతే దాన్ని హైపోనట్రీమియా అంటారు. చెమటతో పోయిన ఉప్పును ఈ లెక్కలో ఇంకా కలపనే లేదు.

ఇది కాగితం మీది ఊహ కాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది పరుగు పూర్తిచేశాక వారి రక్తాన్ని పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 13 శాతం మందికి సోడియం 135 లేదా అంతకంటే తక్కువగా ఉంది. ముగ్గురికి 120 లేదా అంతకంటే తక్కువకు పడిపోయింది. పరుగులో బరువు పెరగడానికీ సోడియం పడిపోవడానికీ అన్నిటికంటే గట్టి సంబంధం కనిపించింది. నాలుగు గంటలు దాటి పరుగెత్తినవారిలోనూ ఇది ఎక్కువ. అంటే అందరికంటే ముందుండేవారి కంటే, నెమ్మదిగా వెళ్తూ, ఆగిన ప్రతిచోటా బాటిల్ నింపుకునేవారికే ముప్పు ఎక్కువ. ఈ సందేశం చేరుతున్నదీ సరిగ్గా వారికే.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది తర్వాత జరిగేది. తలనొప్పి, వికారం, వాంతి, తికమక మాటలు; వేళ్ళు ఉబ్బి ఉంగరం కదలదు, చేతి తొడుగు పట్టీ బిగుసుకుంటుంది. చుట్టూ ఉన్నవారు ‘పాపం, ఒంట్లో నీరు తగ్గింది’ అని బలవంతంగా మరో బాటిల్ తాగిస్తారు. మెదడు వాచి మూర్ఛ రాబోతున్న మనిషికి అది విషంతో సమానం. ఆ స్థితిలో కావలసింది వైద్యులు నరంలోకి ఎక్కించే గాఢమైన ఉప్పు ద్రావణం.

‘ఎలక్ట్రోలైట్ పొడి కలుపుకుంటే సరిపోతుంది కదా’ అంటారు. సరిపోదు. స్పోర్ట్స్ డ్రింకులలో సాధారణంగా ఉండే సోడియం లీటరుకు 20 మిల్లీమోల్స్ ప్రాంతం. 140 ఉన్న రక్తంలో అది కలిస్తే పలచన కావడం ఆగదు. 2015లో ఈ సమస్యపైనే సమావేశమైన అంతర్జాతీయ నిపుణుల బృందం ఇచ్చిన సలహా చాలా సూటిగా ఉంది: దాహం వేసినప్పుడు తాగండి. మండే ఎండలో నీరు తగ్గడమూ ప్రమాదమేనని నాకు తెలుసు, నీళ్ళు మానమని ఎవరూ అనడం లేదు. కానీ సైక్లింగ్ టైమ్ ట్రయల్ (గడియారంతో పోటీపడుతూ తొక్కే పరీక్ష) అధ్యయనాలను క్రోడీకరించి 2011లో వచ్చిన విశ్లేషణలో, దాహాన్ని బట్టి తాగినవారి వేగం ఏమాత్రం తగ్గలేదు. అనుమానముంటే రైడ్‌కు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. పెరిగితే అతిగా తాగినట్టే.

మూడో అంశం, ఖాళీ కడుపుతో నెమ్మదిగా తొక్కితేనే కొవ్వు కరుగుతుందన్నది. నెమ్మదిగా తొక్కినప్పుడు ఖర్చయ్యే శక్తిలో కొవ్వు వాటా ఎక్కువన్న మాట నిజం. కానీ ఆ గంటలో ఏ ఇంధనం మండిందన్నదాన్ని బట్టి నెల తర్వాత నడుము కొలత మారదు. 2014లో 20 మంది యువతులపై నాలుగు వారాలు చేసిన ప్రయోగంలో, ఒకే తీరున కేలరీలు తగ్గించిన ఆహారం తీసుకుంటూ కొందరు పరగడుపున, కొందరు తిన్నాక వ్యాయామం చేస్తే, కొవ్వు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయినా ఈ సలహా పట్టుకుని మూడు, నాలుగు గంటల రైడ్‌లకు తినకుండా వెళ్ళేవారున్నారు! గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్‌ను, గ్లూకోజ్‌తో ఫ్రక్టోజ్ కలిపితే 90 గ్రాముల వరకు, పేగులు అందించగలవు. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే చక్కెర అయిన గ్లైకోజెన్ అడుగంటి కళ్ళు తిరిగేదాకా తొక్కడం శిక్షణ అనిపించుకోదు. ఏడాది పొడవునా చాలినంత తినకుండా తొక్కితే నెలసరి ఆగిపోవడం, ఎముకలు బలహీనపడడం వంటివి జరుగుతాయని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లోనే హెచ్చరించారు. పైగా సైక్లింగ్‌లో ఎముకల మీద బరువు పడదు కాబట్టి, మనం ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

నాలుగోది, గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదో చెప్పడానికి 220 లోంచి వయసు తీసేసే సూత్రం. దాన్ని దాటితే గుండె ఆగిపోతుందట! అది 1971 నాటి ఒక వ్యాసంలో, అప్పటికే ఉన్న అధ్యయనాల సమాచారం మీద సుమారుగా గీసిన గీత. ప్రమాద సూచికగా దాన్ని ఎవరూ ప్రతిపాదించలేదు. 2001లో వచ్చిన మెరుగైన సూత్రం ప్రకారం 208 లోంచి వయసులో 0.7 వంతు తీసేయాలి. అరవై ఏళ్ళవారికి పాతది 160 చెబితే ఇది 166 చెబుతుంది. అదీ సగటే, అసలు గరిష్ఠం పది, పదిహేను అటూ ఇటూ ఉండడం మామూలే. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం గుండె వేగం చూపే చేతి గడియారం ఏ అంకె చూపినా ఆగవలసిందే.

ఐదు, ఆరు, ఏడు అంశాలకు ఇంత ఓపిక అనవసరం. పెడళ్ళను నిమిషానికి 90 సార్లు తిప్పితీరాలన్న నియమం ఏదీ లేదు. తక్కువ శక్తితో తొక్కేటప్పుడు నెమ్మదిగా తిప్పడమే పొదుపు. బరువులెత్తితే కాళ్ళు మొద్దుబారవు. నార్వేలో రోన్నెస్టాడ్ బృందం చేసిన పరిశోధనల్లో, భారీ బరువులతో సాధన చేసినవారు మూడు గంటలు తొక్కాక కూడా చివరి ఐదు నిమిషాలు మునుపటికంటే బలంగా తొక్కారు. సన్నటి టైర్లలో గాలి రాయిలా కొట్టడం గరుకు రోడ్డు మీద వేగాన్ని పెంచదు, తగ్గిస్తుంది.

ఎనిమిదోది చదివి చాలామంది నవ్వారు: కండరాలు పట్టేసినప్పుడు వినెగర్‌లో ఊరేసిన దోసకాయల నీళ్ళు తాగమన్నది. ఇది మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. 2010లో కెవిన్ మిల్లర్ బృందం కాలి బొటనవేలి కండరాన్ని విద్యుత్తుతో పట్టేసేలా చేసి పరీక్షించినప్పుడు, ఆ నీళ్ళు తాగినవారికి మామూలు నీళ్ళు తాగినవారికంటే 49 సెకన్ల ముందే పట్టు సడలింది. ‘పోయిన ఉప్పు తిరిగి వస్తుంది’ అని సందేశం ఇచ్చిన వివరణ మాత్రం నిలవదు. ఒకటిన్నర నిమిషంలో ఉప్పు కండరానికి చేరదు, రక్తంలోనూ మార్పు కనబడలేదు. గొంతులో తగిలిన ఆ ఘాటైన పులుపు నాడుల ద్వారా కండరానికి వెళ్ళే సంకేతాన్ని తగ్గిస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు. వాడిన మోతాదు కూడా కిలో శరీర బరువుకు ఒక మిల్లీలీటరే. అరవై కిలోల మనిషికి రెండు, మూడు గుక్కలు చాలు.