మా ఓటీపీలు అనంతపురం వెళ్ళేవి

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి, "ఒరేయ్, మీ నాన్న బండెక్కి కూర్చున్నాడు చూశావా?" అంది.

నాన్న పోయి అప్పటికి ఏడాదిన్నర. అమ్మకేమైనా అయిందేమోనని భయమేసింది. "వాట్సాప్‌లో చూడు" అంది. తెరిచి చూశాను. 'నాన్న' అన్న పేరు పక్కన ఎర్ర బైకు మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పాతికేళ్ళ కుర్రాడొకడు. చూడగానే నవ్వొచ్చింది. తర్వాత కాసేపటికి నవ్వు రాలేదు.

నాన్న పోయాక ఆయన ఫోన్ బీరువాలో పెట్టేశాం. పోయినాయన ఫోన్‌కి రీఛార్జ్ ఏమిటి అనుకున్నాం. డెత్ సర్టిఫికెట్ తెచ్చాం, ఆయన పెన్షన్ అమ్మకి ఫ్యామిలీ పెన్షన్‌గా మార్పించాం, కరెంటు మీటర్ పేరు మార్పించాం. సెల్ నంబర్‌కి కూడా వారసులు ఉండాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. అమ్మ బ్యాంకు ఖాతా, గ్యాస్ బుక్కు, ఆధార్ అన్నీ ఆ నంబర్‌కే కట్టేసి ఉన్నాయి. మన ఇళ్ళలో అంతే కదా, ఫారం నింపేది మొగుడు, ఫోన్ నంబర్ అన్న గడిలో రాసేది ఆయన నంబరే.

నంబర్ మనదనుకుంటాం. అది అద్దె కొంప. 2006 ప్రాంతంలో 999 రూపాయలకి 'లైఫ్‌టైమ్' సిమ్ములు అమ్మారు, గుర్తుందా? ఎవరి లైఫ్ అని అప్పుడు ఎవరూ అడగలేదు. 2018 చివరికొచ్చేసరికి ఇన్‌కమింగ్ కావాలన్నా నెలనెలా రీఛార్జ్ తప్పదన్నారు. నెలంటే వాళ్ళ పంచాంగంలో 28 రోజులు, ఏడాదికి పదమూడు నెలలు. చివరికి 2022లో టెలికాం కంపెనీల మీద పెత్తనం ఉన్న ట్రాయ్ కలగజేసుకుని, కనీసం ఒక్క ప్లాన్ అయినా 30 రోజులది పెట్టమని చెప్పాల్సొచ్చింది. అద్దె ఆగిన నంబర్‌ని కనీసం 90 రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. దాన్ని తప్పనను, ఉన్న పది అంకెల్లోనే ఎంతమందికని సర్దుతారు. కాకపోతే మనిషి పోతే మనం ఏడాది పొడుగునా మాసికాలు పెట్టుకుంటాం. మా నాన్న సంవత్సరీకం అయ్యేసరికే ఆయన నంబర్ ఇంకొకరి జేబులో ఉంది.

ఆ నంబర్‌కి కాల్ చేశాను. స్క్రీన్ మీద 'నాన్న' అని మోగుతుంటే చెవి దగ్గర పెట్టుకోవడానికి కొంచెం ధైర్యం కావాల్సొచ్చింది.

"ఎవురన్నా?"

విషయం చెప్పాను. అవతల పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు. "గ్యాస్ మెసేజులు మీవేనా అన్నా? ఎవురికైనా పనికొస్తాయేమోనని డిలీట్ చేయకుండా పెట్టినా."

అనంతపురం వైపు ఒక మోటార్ వైండింగ్ షాపులో పనిచేస్తాడట. బోర్లలోంచి మోటార్లు పైకి లాగి, కాలిపోయిన తీగ విప్పి కొత్త తీగ చుట్టడం అతని పని. కొత్త సిమ్ కోసం వెళ్తే షాపువాడు చేతిలో పెట్టిన నంబర్ ఇది. చివర మూడు అంకెలూ ఒకేలా ఉన్నాయని ముచ్చటపడి తీసుకున్నాడు. ఆ మూడు అంకెల కోసమే నాన్న కూడా ఆ నంబర్ తీసుకున్నాడని అతనికి చెప్పలేదు.

తర్వాత మూడు నెలలు మా ఇంట్లో గ్యాస్ వచ్చిన పద్ధతి ఇది. సిలిండర్ తెనాలిలో మా గుమ్మంలో దిగుతుంది. డెలివరీ అబ్బాయి కోడ్ అడుగుతాడు. అంతకుముందు ఉన్న అబ్బాయి తెలిసినవాడు కాబట్టి కోడ్ లేకుండానే దింపి వెళ్ళిపోయేవాడు, ఇతను కొత్త, పైగా పైవాళ్ళు గట్టిగా చెప్పారట. అమ్మ అనంతపురం ఫోన్ చేస్తుంది. అతను ఎక్కడో పొలంలో బోరు దగ్గర గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుని, మెసేజ్ తెరిచి, నాలుగు అంకెలూ చదువుతాడు. అమ్మ వాటిని గట్టిగా అరిచి చెబుతుంది. గుమ్మానికీ కోడ్‌కీ మధ్య ఒక రాత్రి బస్సు ప్రయాణం.

ఇప్పుడు ఓటీపీ సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే నాకు అసలు మంట అక్కడే. 2009 ఆగస్టు నుంచి కార్డుతో ఆన్‌లైన్‌లో కొనాలంటే ఇంకో తాళం కూడా ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. మంచి పని. కార్డు నంబర్ ఒక్కటీ కొట్టేసినంత మాత్రాన దొంగకి డబ్బు చేతికి రాకుండా అయింది. అది బీరువాకి వేసిన తాళం. ఆ తర్వాత ఏమైందంటే, అదే తాళాన్ని బియ్యం డబ్బాకీ వేశారు, చెప్పుల స్టాండుకీ వేశారు. గ్యాస్‌కి కోడ్, కొరియర్‌కి కోడ్, ఆటో ఎక్కితే కోడ్, బట్టల షాపులో బిల్లు కట్టేటప్పుడు పాయింట్ల కోసం కోడ్. ఇన్ని చోట్ల తాళం వేస్తే తాళంచెవి ఎప్పుడూ చేతిలోనే తిరుగుతుంటుంది. అడిగినవాడికల్లా ఇచ్చెయ్యడం అలవాటవుతుంది.

బ్యాంకు రోజూ మెసేజ్ పెడుతుంది, ఓటీపీ ఎవరికీ చెప్పకండి అని. కాల్ చేసినప్పుడల్లా రింగు కన్నా ముందు అదే హెచ్చరిక వినిపించిన రోజులూ ఉన్నాయి. ఇటు గుమ్మంలో నిలబడ్డవాడు "త్వరగా చెప్పండమ్మా, ఇంకా ఇరవై సిలిండర్లున్నాయి" అంటాడు. మా అమ్మ ఒకసారి అడిగింది: "ఏది చెప్పచ్చో, ఏది చెప్పకూడదో ఆ అంకెల మీద రాసుంటుందిరా?" నా దగ్గర జవాబు లేదు. డబ్బు మనకి వచ్చేటప్పుడు కోడ్‌తో, పిన్‌తో పని లేదు, పోయేటప్పుడే ఉంటుంది అని చెప్పాను. "మరి గ్యాస్ వచ్చేదే కదా?" అంది. రిటైర్డ్ లెక్కల మాస్టారి భార్య, ఊరికే వదలదు. చివరికి, ఫోన్‌లో అడిగితే చెప్పద్దు, గుమ్మంలో వస్తువు కళ్ళకి కనిపిస్తేనే చెప్పు అని తేల్చుకున్నాం. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి కొట్టమని ఫ్రిజ్ మీద కాగితం అతికించాను. ఎవరైనా సరే ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఆ కాగితం అతికించండి, ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బు ఖాతాలు దాటిపోతూ ఉంటుంది.

సరే, నంబర్ మార్చే పని. ముందు ఆధార్‌లో మారితే గానీ మిగతావి కదలవన్నారు. ఆధార్ సెంటర్‌కి వెళ్ళాం. అప్పటికి ఫీజు యాభై రూపాయలు. పాత నంబర్‌కి ఓటీపీ అక్కర్లేదు, వేలిముద్ర చాలు అన్నాడు అక్కడి కుర్రాడు. ప్రాణం లేచొచ్చింది. అమ్మ కుడి చూపుడు వేలు పెట్టింది. మెషీన్ ఎర్ర లైటు. ఎడమ బొటనవేలు. ఎర్ర లైటు. "నుదుటికి రుద్దుకుని పెట్టండి మామ్మగారూ" అన్నాడు. నుదుటికి రుద్దింది, జుట్టుకి రాసింది, పవిటతో తుడిచింది. పది వేళ్ళూ అయిపోయాయి. దగ్గరగా చూస్తే ఆ వేళ్ళ కొసలు అరిగిన రూపాయి బిళ్ళల్లా నున్నగా ఉన్నాయి, గీత ఎక్కడుందో వెతుక్కోవాలి. బూడిదతో గిన్నెలు తోమిన చేతులు, గ్రైండర్ కొనేదాకా రోజూ రోట్లో పచ్చడి నూరిన చేతులు. వెనక లైన్లో ఒక తాపీ మేస్త్రి తన వేళ్ళు తనే చూసుకుంటున్నాడు, నా గతేమిటన్నట్టు.

చివరికి కళ్ళ మెషీన్ తీశాడు. కళ్ళజోడు తీసి, కళ్ళు పెద్దవి చేసి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. పచ్చ లైటు వెలిగింది. "నేను నేనేనని తేలిందా బాబూ?" అని అడిగింది. ఆ కుర్రాడు నవ్వలేదు పాపం, రోజూ ఎంతమంది అడుగుతారో.

తర్వాత బ్యాంకుకి వేరే ఫారం, గ్యాస్ ఏజెన్సీకి వేరే అర్జీ, పెన్షన్‌కి ఇంకోటి. దాని కథలు మీకూ తెలుసు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. నవంబర్‌లో బతికే ఉన్నానని ఏటా పెన్షన్‌కి చూపించే లైఫ్ సర్టిఫికెట్ మాత్రం ముఖం చూపించి ఇంట్లోంచే అయిపోయింది. 2021 నుంచి ఆ సదుపాయం ఉందట. అరిగిన వేళ్ళ వాళ్ళకి అది నిజంగా పెద్ద ఉపకారం, ఆ మాట కూడా చెప్పాలి.

అవతల ఆ కుర్రాడి కష్టాలు అతనికున్నాయి. పేరు చూపించే యాప్‌లలో అతని నంబర్ ఇంకా మా నాన్న పేరే, చివర్న 'మాస్టారు' తగిలించి. మోటార్ బాగుచేయించుకునే రైతులకి కాల్ చేస్తే, ఎవరో మాస్టారు చందా కోసమనుకుని ఎత్తరట. సెప్టెంబర్ 5న నాన్న పాత శిష్యులు పదహారు మంది మెసేజ్‌లు పెట్టారు. "నువ్వేం చేశావ్?" అన్నాను. "అందరికీ థ్యాంక్స్ పెట్టినా అన్నా. బాధపడతారని ఏం చెప్పలా." పది పాసై ఐటీఐ మధ్యలో వదిలేసిన పిల్లాడు. మా నాన్న బతికుంటే ఆ ఐటీఐ ఎందుకు మానేశావని గంట క్లాసు పీకేవాడు.

అతను ఒక షాపింగ్ యాప్‌లో ఖాతా తెరుద్దామంటే, ఈ నంబర్‌తో ఆల్రెడీ ఒకరున్నారు అంటోందట. ఉన్నది నాన్న. ఒక రాత్రి ఇద్దరం ఫోన్‌లో కూర్చుని, అతను ఓటీపీ చదువుతుంటే నేను లాప్‌టాప్‌లో ఒక్కొక్కటీ తెరిచి మూసేశాను. నాలుగు యాప్‌లు, రెండు గంటలు. ఎవరికీ చెప్పకండి అన్న నంబర్‌ని ముఖం కూడా ఎరగని మనిషి నాకు పదిసార్లు చెప్పాడు. పడుకోబోతుంటే అప్పుడు తట్టింది. తలుచుకుంటే ఈ ఏడాదంతా అతనే మా ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చేసి ఉండచ్చు. మా అమ్మ పెన్షన్‌ని కాపాడింది బ్యాంకూ కాదు, ఓటీపీ కాదు. వైండింగ్ షాపు కుర్రాడు మంచివాడు కావడం ఒక్కటే.

ఇలాంటి కథలు పైవాళ్ళ చెవిన పడకపోలేదు. 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకులూ యూపీఐ యాప్‌లూ వారానికోసారైనా చేతులు మారిన నంబర్ల లెక్క సరిచూసుకోవాలని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ నిబంధన తెచ్చింది. బాగుంది. మరి గ్యాస్‌కీ, షాపింగ్ యాప్‌కీ, మా నాన్న శిష్యులకీ ఎవరు చెప్తారు?

ఇప్పుడు అన్నిటికీ అమ్మ సొంత నంబరే ఉంది. కొత్త సమస్య ఏమిటంటే మెసేజ్‌లన్నీ ఇంగ్లీషులో వస్తాయి. తెలుగులో ఎందుకు పంపరయ్యా అని తీగ లాగితే విచిత్రం తెలిసింది. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషయితే 160 అక్షరాలు పడతాయి, తెలుగయితే 70. అందులోనూ గుణింతం వేరే లెక్క, పొల్లు వేరే లెక్క. మన కంటికి నాలుగు అక్షరాలుగా కనిపించే 'సిలిండర్' ఆ లెక్కలో ఎనిమిది. తెలుగులో నాలుగు ముక్కలు రాసేసరికి ఒక మెసేజ్ కాస్తా రెండవుతుంది, పంపేవాళ్ళకి ఖర్చూ రెండింతలు. కాబట్టి మా అమ్మ ఇంగ్లీషు నేర్చుకోవాలి. ఆమె ఫోన్‌లో చదవని మెసేజ్‌లు 214, నేను చూసిన రోజుకి.

ఎలా వెతకాలో నేనే ఫోన్‌లో చాలాసార్లు చెప్పాను. నేను చెప్పే పద్ధతి ఇలా ఉంటుంది: "పైకి తొయ్యమ్మా. పైకి. అబ్బా, అది కాదు, కట్ చెయ్యి, నేను తర్వాత చేస్తా."

పోయిన నెల గ్యాస్ వచ్చినప్పుడు నేను మీటింగ్‌లో ఉండి అమ్మ కాల్ కట్ చేశాను. సాయంత్రం చేసి, సిలిండర్ తీసుకున్నావా అని అడిగాను.

"తీసుకున్నా. అనంతపురం చేశా."

"అతనికి కోడ్ రాదమ్మా ఇప్పుడు, అంతా మార్చేశాం కదా."

"తెలుసులేరా. ఎక్కడ చూడాలో చెప్పమని చేశా." మెసేజ్ పంపినవాళ్ళ పేరు చివర ఇంగ్లీషు 'పి' ఉంటే అవన్నీ ఆఫర్లు, వాటి జోలికి పోవద్దు, మిగతావాటిలో అన్నిటికన్నా పైన ఉన్నది తెరవండి అన్నాడట. గ్యాస్ అబ్బాయి వెళ్ళేదాకా స్పీకర్‌లోనే ఉన్నాడట. పోతూ పోతూ మోకాళ్ళ నొప్పులు ఎట్లుండాయని కూడా అడిగాడట.

"అతని నంబర్ నీ దగ్గరెక్కడుంది?" అన్నాను.

"మీ నాన్న పేరు మీదే ఉందిగా. మార్చడం నాకు రాదు. నువ్వొచ్చినప్పుడు మారుద్దువుగానిలే."