ఆరుగురు జార్జిలు

బ్రెడ్డూ అవీ కాల్చే కొత్త కరెంటు గ్రిల్‌ని ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చున్నాడు మా పెదనాన్న. ఎదురుగా తడిగుడ్డతో పెద్దమ్మ. పేపరు చాటున నేను.

"ముట్టుకోకు! తుడిస్తే పోతుంది."

"ఏం పోతుంది?"

"సంతకం. జార్జి ఫోర్‌మన్ గారు స్వయంగా పెట్టింది."

"అది అచ్చండీ."

"అచ్చయితే అక్షరాలు ఇంత వంకరగా ఉంటాయా? బాక్సర్ చెయ్యి, పెన్ను పట్టుకునే అలవాటుండదు పాపం."

"10 కోట్లకు పైగా అమ్ముడయ్యాయని పొద్దున మీరే చదివి వినిపించారు. అన్నిటి మీదా ఈయనే గీకుతూ కూర్చుంటే ఇంక గుద్దిందెప్పుడు?"

పెదనాన్న కాస్త తగ్గాడు. అంతలోనే మొహం వెలిగింది.

"ఆయనకి ఐదుగురు కొడుకులు. అందరి పేరూ జార్జే!"

"అయితే?"

"అయితే ఏవిటే! తలా కొన్ని పెట్టుంటారు. పేరొకటే కాబట్టి చెల్లుతుంది."

"తండ్రితో కలిపి ఆరుగురు. తలా కోటీ 66 లక్షలు పైమాటే." పెద్దమ్మకి లెక్కలన్నీ నోటిమీదే. "అన్నానికి 'జార్జీ' అని పిలిస్తే ఆరుగురూ ఒక్కసారే లేచేవారేమో."

"ఎగతాళి చెయ్యకు. 1994లో, 45 ఏళ్ల వయసులో మళ్లీ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. ఈ గ్రిల్ బజార్లోకొచ్చిందీ ఆ ఏడే."

"ఆ వయసుకి మీరు మెట్లెక్కడం మానేశారు."

"నాకు మోకాళ్లు..."

"తెలుసు. రాత్రి నూనె రాసింది నేనేగా." గుడ్డ మడత మార్చింది. "అసలు ఈ గ్రిల్ తయారుచేసింది కంపెనీ వాళ్లు. ఈయన పేరిచ్చాడు, నవ్వుతూ టీవీలో నిలబడ్డాడు. 1999లో ఆ పేరు హక్కులు 13 కోట్ల డాలర్లకు పైనే అమ్మేశాడు. మీరు సగంలో నిద్రపోయిన పేజీ మిగతాది నేను చదివాను."

"ఒట్టి పేరుకే అంతా?"

"మరే. ఇన్నేళ్లుగా వండుతున్నాను, ఒక్క గిన్నె మీదైనా సంతకం పెట్టుకున్నానా?"

"నీకక్కర్లేదే. ఉప్పు చూస్తే తెలిసిపోతుంది ఎవరు వండారో."

పెద్దమ్మ చెయ్యి ఆగింది. "అది తిట్టా, పొగడ్తా?"

"తిన్న రోజుని బట్టి."

అంతే, గ్రిల్ లాక్కుని గట్టిగా నాలుగుసార్లు తుడిచేసింది. పెదనాన్న కళ్లు మూసుకున్నాడు. తెరిచాక కళ్లజోడు కోసం తడుముకుంటే, అది ఆయన నెత్తిమీదే ఉందని వేలితో చూపించింది. పెట్టుకుని, మూత మీదికి వంగి, అక్షరం అక్షరం చూశాడు.

"చూశావా! ఇంత రుద్దినా చెక్కుచెదర్లేదు. అసలు సిరా అంటే ఇదీ!"

పెద్దమ్మ నావైపు చూసింది. నేను పేపరు ఇంకాస్త పైకెత్తాను.

కాసేపటికి రెండు బ్రెడ్డు ముక్కలు కాల్చి తెచ్చింది. ఎర్రగా కాలింది ఆయన ప్లేటులో వేసి, అంచు మాడింది తను తీసుకుంది.

"ఎలా ఉంది?"

"జార్జి గారి చేతి మహిమ!"

"ఏ జార్జి?"