‘నొప్పేం లేదురా, సన్నికల్లు పెట్టినట్టుంది’

డాక్టరు అడుగుతారు: ‘ఎనీ చెస్ట్ పెయిన్?’ పక్కనున్న మనవడు తెలుగు చేస్తాడు: ‘అమ్మమ్మా, గుండెల్లో నొప్పుందా?’ రాజోలు నుంచి ఆర్నెల్లు ఉండి వెళ్దామని అమెరికా వచ్చిన అమ్మమ్మ ఉన్నమాటే చెబుతుంది: ‘నొప్పేం లేదురా. గుండెల మీద సన్నికల్లు పెట్టినట్టుంది, అంతే.’ మనవడు మొదటి ముక్క మాత్రం దాటిస్తాడు: ‘నో పెయిన్.’

గుండె కండరానికి రక్తం చాలనప్పుడు చాలామందికి తెలిసేది ఆ బరువే, ఆ బిగింపే. కొందరికి, ముఖ్యంగా ఆడవాళ్ళకీ పెద్దవయసువాళ్ళకీ షుగరున్నవాళ్ళకీ, అదీ ఉండకపోవచ్చు. ఆయాసం, చెమటలు, వికారం, దవడలోనో జబ్బలోనో లాగడం, అంతే ఉండొచ్చు. బరువునీ బిగింపునీ ఇంగ్లీషు డాక్టరు పెయిన్ ఖాతాలోనే వేసుకుంటారు. కోనసీమ అమ్మమ్మ వెయ్యదు. ఆవిడకి నొప్పంటే నొప్పే, బరువంటే బరువే.

మనవణ్ణి అని లాభం లేదు. పెయిన్ అంటే నొప్పి అని నేర్పింది మనమే. ఇక మన తెలుగు సంఘం హెల్త్ క్యాంపు ఫారంలో ‘నొప్పి: ఉంది / లేదు’ అని గడి పెట్టామంటే, ఆ తప్పునే అచ్చువేసి పంచినట్టు.

పెయిన్ చాలా ఊళ్ళు తిరిగొచ్చిన మాట. లాటిన్‌లో పోయెనా అంటే శిక్ష, జరిమానా. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకొచ్చింది. పీనల్ కోడ్‌లో పీనల్, ఆటల్లో పెనాల్టీ, కోర్టువారి సబ్‌పోయెనా, అన్నీ ఆ కుదురువే. శిక్ష కాస్తా బాధయింది, బాధ కాస్తా శ్రమయింది: ‘టుక్ పెయిన్స్’ అంటే ఒళ్ళు దాచుకోకుండా చేశాడని. ఆఫీసులో కస్టమరుకి ‘పెయిన్ పాయింట్’ ఉంటుంది, ప్రాణం తీసేవాడు ‘పెయిన్ ఇన్ ద నెక్’ అవుతాడు. పోయినవాళ్ళని తలుచుకుని పడే దుఃఖమూ పెయినే. వైద్యంలో ఈ ఒక్క మాటతో పని జరగదని ఇంగ్లీషువాళ్ళకీ తెలుసు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ మెల్జాక్ 1975లో ప్రచురించిన ప్రశ్నావళిలో బాధని వర్ణించే మాటలు 78 ఉన్నాయి, 20 గుంపులుగా. రోగి తనకి సరిపడేవి ఏరుకోవాలి.

గోదావరి డెల్టాలో పెద్దవాళ్ళ నోట్లో అలాంటి జాబితా ఎప్పణ్ణుంచో ఉంది. పోటు చూడండి. అంతర్వేది దగ్గర వశిష్ఠ పాయలోనూ యానాం దగ్గర గౌతమి పాయలోనూ సముద్రపు నీరు రోజుకి రెండుసార్లు ఎగదన్నుతుంది, అది పోటు. తలపోటు, పన్నుపోటు కూడా అలా ఎగదన్ని, కాస్త తగ్గి, మళ్ళీ ఎగదన్నేవే. కత్తిపోటులో మాత్రం గుచ్చడం ఉంది. అందుకని ‘డొక్కలో పోటు’ అన్నారంటే వెంటనే ఇంకో ప్రశ్న వెయ్యాలి: గుచ్చినట్టా, వచ్చిపోతోందా? తెరలు తెరలుగా వచ్చి గజ్జల్లోకి దిగుతుంటే కిడ్నీలో రాయేమోనని డాక్టరు చూస్తారు. గుచ్చినట్టుండి ఊపిరి పీల్చినప్పుడు ఎక్కువవుతుంటే ఊపిరితిత్తుల వైపు చూస్తారు. సలుపు వేరు. గోరుచుట్టు లేచి చీము పట్టిన వేలుది సలుపు. అది రాత్రి నిద్రపోనివ్వదు, ‘త్రాబింగ్’ అని చెప్పొచ్చు. నాట్లేసి వచ్చిన కాళ్ళవి తీపులు, అంటే లాగే నొప్పులు. వాటిలో తీపేమీ లేదని ఇక్కడ పుట్టిన పిల్లలకి ముందే చెప్పాలి. కడుపు మెలిపెడితే ‘క్రాంపింగ్’. అరికాళ్ళ మంటలు షుగరు మనిషివైతే ‘బర్నింగ్’ అని ఆ మాటే చెప్పాలి, ఎందుకంటే నరాల దెబ్బకి వాడే మందులు మామూలు నొప్పి మాత్రలు కావు. నిండు గర్భిణి ‘నొప్పులొస్తున్నాయి’ అంటే ఇక అనువాదం అక్కర్లేదు, కారు తియ్యాలి.

మాటలు ఇన్ని ఉన్నాయి గానీ, ఒంట్లో చోట్ల పేర్ల దగ్గర మనం పిసినారులం. భుజం నుంచి వేళ్ళదాకా చెయ్యే, తుంటి నుంచి బొటనవేలిదాకా కాలే. గుండెలంటే రొమ్మంతా. అన్నిటికన్నా చిక్కు నరంతో. సూదికి దొరకనిదీ నరమే, పిక్క మీద నీలంగా ఉబ్బేదీ నరమే, మెడలో పట్టేసేదీ నరమే. ఇంగ్లీషులో మొదటి రెండూ వెయిన్, మూడోది ఎక్కువసార్లు కండరం. ‘నరాలు లాగేస్తున్నాయి’ని ‘నెర్వ్ పెయిన్’ అని దాటిస్తే డాక్టరు నరాల పరీక్షకి రాస్తారు. అసలు సంగతేమో విమానంలో 20 గంటలు కదలకుండా కూర్చొచ్చిన మనిషికి ఒక్క పిక్కే వాచి, వేడెక్కి, లాగుతుండొచ్చు. అది లోపలి రక్తనాళంలో గడ్డ కావచ్చు, ఆ రోజే చూపించాలి. కాబట్టి నరం అనే మాట దాటించకుండా ప్యాంటు పైకి మడిచి చోటు చూపించమనండి. వేలితో ఒకచోట చూపించడం, అరచెయ్యంతా ఆనించడం, పిడికిలి రొమ్ముకి నొక్కిపెట్టడం, మూడూ మూడు కబుర్లు. చేత్తో ఎలా చూపించారో కూడా డాక్టరుకి చెప్పాలి.

గోదావరి జిల్లాలు బోదకాలున్న జిల్లాలని ఇక్కడి డాక్టర్లకి తట్టకపోవచ్చు. చలిజ్వరంతో ‘గజ్జల్లో బిళ్ళ కట్టింది’ అంటే లింఫ్ గ్రంథి వాచిందని చెప్పి, ఏ ఊరి నుంచి వచ్చారో కూడా చెప్పండి.

తర్వాత అంకె. బాధ ఎంతో 0 నుంచి 10 వరకు చెప్పమంటారు, 10 అంటే ఊహకందని బాధ. ఈ ప్రశ్నకి మనవాళ్ళు నూటికి తొంభైమంది ‘పర్లేదు’ అంటారు, అది అంకె కాదు. ‘రాత్రి నిద్రపట్టిందా? అన్నం సయించిందా? బాత్రూముకి మీరే వెళ్ళారా?’ అని అడిగి ఆ జవాబులే చెప్పడం మేలు. పెద్దవాళ్ళ అసలు కొలత రూపాయి. ‘రూపాయికి పావలా తగ్గిందమ్మా’ అంటారు. తగ్గింది పావలా, ఇంకా ముప్పావలా ఉంది. తొందరలో ‘ట్వెంటీఫైవ్ పర్సెంట్ పెయిన్’ అనేస్తే మందు మోతాదు తగ్గించేస్తారు.

అమెరికాలో ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలి, ఫోన్లోనో వీడియోలోనో. అత్యవసరమైతే తప్ప మైనరు పిల్లలతో ఆ పని చేయించకూడదు. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే తెలుగు అని రాయించండి. ఇంటర్‌ప్రెటర్ వేరే ప్రాంతపు తెలుగువారైతే తీపులూ బిళ్ళలూ వాళ్ళకీ కొత్తే, పెద్దవాళ్ళని ఇంకో మాటలో చెప్పమనండి. సంఘం ఫారంలో ఆ గడి బదులు ఇలా ఉండాలి: ‘గుండెల మీద బరువు, బిగింపు, మంట, లాగడం, నొప్పి: వీటిలో ఏదైనా ఉందా? నడిస్తే ఎక్కువవుతోందా, ఆగితే తగ్గుతోందా?’ ‘నొప్పి’ చివర ఉండటం ముఖ్యం. ముందు అదే కనబడితే ‘లేదు’ అని గీత కొట్టేసి తర్వాతి ఫారం తీసుకుంటారు.

అమలాపురంలో నాన్నగారు వాట్సాప్ వీడియోలో పిడికిలి రొమ్ముకి ఆనించి, చెమటలు పడుతున్నాయన్నారనుకోండి. అప్పుడు గ్యాసా కాదా అని వాదన పెట్టుకోకండి. ఇక్కడైతే 911, అక్కడైతే 108. డల్లాస్ నుంచి 108 కొడితే కలవదు. పక్కింటివాళ్ళ నంబరూ, వీధిచివర మందులషాపు నంబరూ ఫోన్లో ఉండాలి, వాళ్ళచేత చేయించాలి. కొబ్బరితోటల మధ్య ఇళ్ళు వెతుక్కోవడం కష్టం కాబట్టి ఏ కాలువ గట్టు, ఏ వంతెన దగ్గర మలుపు అన్నది కూడా ఆ నంబరు పక్కనే రాసిపెట్టుకోండి.