ఏదీ నొక్కకపోయినా జరిగే దాడి: ఐఫోన్ భద్రతపై ప్రచారానికి ఖండన

“తెలియని లింకు నొక్కకండి, తెలియని వైఫైకి కనెక్ట్ కాకండి, ఈ రెండూ పాటిస్తే ఐఫోన్‌లోకి ఎవరూ చొరబడలేరు. అనుమానమొస్తే వైఫై ఆపేయండి, అప్‌డేట్‌కు తొందరేమీ లేదు” అనే సందేశం వాట్సాప్ గ్రూపుల్లో తరచూ కనిపిస్తోంది. మొదటి రెండు సలహాలూ మంచివే కానీ, వాటిని నమ్ముకుని ఇచ్చిన భరోసా నిజం కాదు.

మొదట, నొక్కడం గురించి. సాఫ్ట్‌వేర్ భద్రతా లోపాలను వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరోలోని పరిశోధకుడు ఇయాన్ బీర్ 2020 డిసెంబరులో బయటపెట్టిన లోపానికి లింకుతోనూ, వైఫై కనెక్షన్‌తోనూ పని లేదు. రౌటర్ లేకుండానే యాపిల్ పరికరాలు నేరుగా మాట్లాడుకోవడానికి ఏడబ్ల్యూడీఎల్ అనే ప్రోటోకాల్ ఉంది. దగ్గర్లోని యాపిల్ పరికరాలకు ఫైళ్లు పంపే ఎయిర్‌డ్రాప్ దాని మీదే నడుస్తుంది. గాలిలో వచ్చే ఆ ప్యాకెట్లను (డేటా ముక్కలను) చదివే డ్రైవర్ అనే ప్రోగ్రామ్, ఫోన్ మొత్తాన్ని నడిపించే కీలక భాగమైన కెర్నెల్‌లోనే ఉంటుంది. పరికరాల చిరునామాలు పది, అంటే 60 బైట్లు, పట్టే చోటులోకి అంతకు మించిన డేటాను ఆ డ్రైవర్ పొడవు సరిగా చూడకుండా నకలు చేసేది. ఒక్క తనిఖీ లోపించడంతో, దగ్గర్లో ఉన్న అపరిచితుడి చేతికి కెర్నెల్ మెమరీ చిక్కింది.

“ఎయిర్‌డ్రాప్‌ను కాంటాక్ట్స్‌కే పరిమితం చేశాను కదా” అనేవారున్నారు. ఆ అమరిక ఉన్నప్పుడు ఫోన్ బ్లూటూత్‌లో వచ్చే కాంటాక్ట్ హ్యాష్‌లో (ఫోన్ నంబరు లేదా ఈమెయిల్ నుంచి లెక్కగట్టిన సంకేతంలో) మొదటి రెండు బైట్లనే పోల్చి ఏడబ్ల్యూడీఎల్‌ను మేల్కొలుపుతుంది. రెండు బైట్లంటే 65,536 విలువలే కాబట్టి, వరుసగా పంపుతూ పోతే ఏదో ఒకటి తగులుతుంది. బీర్ ఈ దారినే ఎంచుకున్నారు.

ఇలాంటివి గూఢచారి సంస్థలకే సాధ్యమన్న వాదనలో కొంత నిజం ఉంది: ఈ పనికి అసాధారణ నైపుణ్యం కావాలి, దీన్ని ఎవరైనా దుర్వినియోగం చేశారనడానికి ఆధారాలు కూడా బయటికి రాలేదు. అయితే దీన్ని సాధించింది ఇంట్లో కూర్చుని ఆరు నెలలు శ్రమించిన ఒకే ఒక్క మనిషి. వాడింది రాస్ప్‌బెర్రీ పై అనే ఒక చిన్న, చవకైన కంప్యూటర్, బజారులో దొరికే వైఫై అడాప్టర్లు.

ఇక వైఫై ఆపేయడం. ఐఓఎస్ 11 నుంచి కంట్రోల్ సెంటర్‌లోని వైఫై గుర్తును తాకితే నెట్‌వర్క్ తెగిపోతుందే తప్ప, ఎయిర్‌డ్రాప్ వంటి వాటికోసం రేడియో పనిచేస్తూనే ఉంటుంది. పూర్తిగా ఆగాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపాలి. ఈ తేడా తెలియక ఎంతోమంది నిశ్చింతగా ఉండటం నన్ను నిజంగా కలవరపెడుతోంది.

అప్‌డేట్‌కు తొందర లేదన్న మాట అన్నిటికంటే ప్రమాదకరం. ఈ లోపాన్ని యాపిల్ 2020 మేలో ఐఓఎస్ 13.5 వచ్చేలోపే సరిదిద్దింది. బీర్ వివరాలు ప్రచురించింది ఆ తర్వాత ఆరు నెలలకు. అప్పటికీ పాత వెర్షన్‌లోనే ఉండిపోయిన ఫోన్ విషయంలో మాత్రం, లోపం ఎక్కడుందో, దాన్ని ఎలా వాడుకోవాలో అందరికీ తెలిసిపోయింది.