హాల్లో హనుమంతుడు సరే, పక్కన ఆవిడెవరు?

బ్యాంకాక్ వెళ్లొచ్చిన తెలుగు మగవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. నవ్వుతారు, అంతే. లిఫ్టులో పక్క ఫ్లాటాయన నవ్వుతాడు, ఆఫీసులో అందరూ నవ్వుతారు, చివరికి సూట్‌కేసు మీదున్న ఎయిర్‌లైన్ ట్యాగు చూసి వాచ్‌మన్ కూడా నవ్వుతాడు. ఈ నవ్వుకి నోటితో జవాబు చెప్పకూడదు. చెప్పేకొద్దీ అనుమానం ముదురుతుంది. జవాబు గోడకి తగిలించాలి. థాయ్ సంప్రదాయ శైలిలో వేసిన మన దేవుళ్ల ప్రింట్లు హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల హాళ్లలోకి చేరడం వెనక కళాభిమానం ఎంతుందో గానీ, ఈ సంజాయిషీ అవసరం మాత్రం కొంత ఉందని నా గట్టి నమ్మకం. నేను తెచ్చింది అందుకే మరి.

బొమ్మలు బాగుంటాయి, కాదనను. నల్లటి నేల మీద బంగారు గీతలు, గుడి శిఖరంలా నిటారుగా లేచిన కిరీటం, ఖాళీ కనిపించిన చోటల్లా మంట నాలుకల్లా మెలికలు తిరిగే నగిషీ. ఆ మెలికని అక్కడ క్రనోక్ అంటారు. అసలు పద్ధతిలో అయితే నల్ల లక్క పూసిన చెక్క మీద, బంగారం అంటకూడని చోటల్లా పసుపురంగు జిగురు రాసి, పైన బంగారు రేకు అద్ది, నీళ్లతో కడుగుతారు. జిగురున్న చోట రేకు కొట్టుకుపోయి బొమ్మ తేలుతుంది. నేను కొన్నది దాని ప్రింటు. దాని మీద నీళ్లు పోస్తే బొమ్మే కొట్టుకుపోతుంది.

ఈ ప్రింట్లలో ఇంకో సుఖం ఉంది. దేవుడే గానీ ఊదొత్తి అడగడు. కిరాణా కొట్టువాడిచ్చిన క్యాలెండరు మీద వెంకటేశ్వరస్వామి ఉంటే ఏడాది అయిపోయినా పారేయడానికి చేతులు రావు. తలుపు వెనక నాలుగేళ్ల స్వాములు ఒకరి మీద ఒకరు వేలాడుతుంటారు. అదే థాయ్ కిరీటం పెట్టుకున్న దేవుడైతే ‘వాల్ ఆర్ట్’. కింద చెప్పుల స్టాండు పెట్టొచ్చు, ఎదురుగా కాళ్లు చాపుకుని మ్యాచ్ చూడొచ్చు, ఆదివారం చికెన్ వండొచ్చు. టూరిస్టు వీసా మీద వచ్చిన దేవుడికి మన మడీ ఆచారం వర్తించవు. మా ఇంటీరియర్ డిజైనర్ అమ్మాయి అసలు దేవుడన్న మాటే ఎత్తలేదు. “మంచి స్టేట్‌మెంట్ పీస్ అంకుల్” అంది. ఏం స్టేట్‌మెంటో తర్వాత తెలిసింది.

బ్యాంకాక్‌లో పెద్ద పెద్ద బోర్డులు కనిపిస్తాయి, బుద్ధుడు అలంకరణ వస్తువు కాదు, గౌరవించండి అని. టాక్సీలోంచి చదివి, చాలా బాగా చెప్పారని తల ఊపాను. బుద్ధుడన్నారు గానీ మనవాళ్ల పేరెత్తలేదు కదా అని కూడా గమనించాను. బుద్ధ విగ్రహాన్ని దేశం దాటించాలంటే అక్కడి లలితకళల శాఖ అనుమతి కావాలి. ఆ శాఖ చిహ్నం ఎవరనుకున్నారు? సాక్షాత్తూ వినాయకుడు. ఫైలు ఆగకుండా ఉండాలంటే విఘ్నేశ్వరుణ్ణి లెటర్‌హెడ్ మీదే కూర్చోబెట్టాలన్న ఆలోచన మన సచివాలయానికి ఇన్నేళ్లలో ఎందుకు రాలేదో!

నేనూ ఆ వినాయకుణ్ణే కొని ఉండాల్సింది. అందరూ ఆయన్నే కొంటారు. కానీ బ్యాంకాక్ నుంచి తెచ్చే సాక్షికి శీలం గట్టిగా ఉండాలని, ఏరికోరి బ్రహ్మచారిని ఎంచుకున్నాను. వాట్ ఫో గుడిలో 152 పాలరాతి పలకల మీద చెక్కిన రామకథ చూసి, ఆ భక్తి ఇంకా దిగకముందే దగ్గర్లోని ఒక దుకాణంలో దూరాను. తెల్లటి హనుమంతుడు, కింద అలలు. పక్కన నడుం పైన స్త్రీ, నడుం కింద చేప. సముద్రం దాటేటప్పుడు అడ్డొచ్చిన సింహిక అయ్యుంటుందని అక్కడికక్కడే తీర్మానించుకుని బేరం మొదలుపెట్టాను.

ఫ్రేము కట్టించి, పైన స్పాట్‌లైటు పెట్టించాక మా ఆవిడ వచ్చి చూసింది.

“ఆవిడెవరండీ?”

“సింహిక.”

“సింహికని చంపాడుగా. మరి నడుం చుట్టూ చెయ్యెందుకు వేశాడు?”

ఫోను తీయక తప్పలేదు. ఆమె పేరు సువన్నమచ్ఛా, అంటే బంగారు చేప. తోసకన్ కూతురు. తోసకన్ అంటే మన దశకంఠుడే. వారధికి వేసిన రాళ్లు వేసినట్టే మాయమవుతుంటే సంగతేమిటో చూద్దామని హనుమంతుడు నీళ్లలోకి దూకాడు. చేపల చేత రాళ్లు మోయిస్తున్న ఈమెని పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు వదల్లేదు. వాళ్లకి మచ్ఛాను అని ఒక కొడుకు. ఇది ఎవరో గిట్టనివాళ్లు పుట్టించింది కాదు, 1797లో థాయ్ రాజు మొదటి రామ చక్రవర్తి కూర్పించిన అక్కడి రామాయణం, రామకియెన్‌లోనే ఉంది. అందులో విభీషణుడి కూతురు బెన్యకాయ్ కూడా హనుమంతుడి భార్యే. నేను అక్కడితో ఫోను ఆపేశాను. మా ఆవిడ తన ఫోను తీసింది.

మనకి మాత్రం ఈ కథ కొత్తా? మైరావణుడి కోట వాకిట కాపలా కాసిన మత్స్యవల్లభుడు మనవాడే కదా. అక్కడ మచ్ఛానుది కూడా మైయరాప్ అనే రాక్షసుడి దగ్గర అదే ఉద్యోగం. డ్యూటీ ఒకటే, పుట్టుకే వేరు. హనుమంతుడి చెమటచుక్క సముద్రంలో పడితే చేప మింగిందని మనవాళ్లు గౌరవంగా సర్దేశారు. థాయ్‌వాళ్లు అంత మొహమాటపడలేదు. పైగా ఆ మత్స్యకన్య బొమ్మని కలిసొస్తుందని దుకాణాల్లో వేలాడదీస్తారు. వాళ్ల కథ వాళ్లది. కిరీటం, తోక చూసి మనవాడేనని జేబులో పెట్టుకొచ్చింది నేను.

ఇక పటం ఎక్కడ పెట్టాలన్నది ఇంట్లో రాజ్యాంగ సంక్షోభమైంది. దేవుడి గదిలో పెడదామంటే ఆవిడతో కష్టం. పడకగదిలో పెడదామంటే ఆయనతో కష్టం. ఫ్రేము షాపాయన మాత్రం సులువుగా తేల్చాడు, “కుడివైపు ఎనిమిదంగుళాలు కోసేద్దాం సార్” అని. కొలత వేసి చూస్తే ఆమెతోపాటు హనుమంతుడి చెయ్యి కూడా మోచేతి దాకా పోతోంది.

ఈలోగా తెనాలి నుంచి మా అమ్మ దిగింది. కళ్లజోడు పెట్టుకుని పటాన్ని ఆ చివర్నుంచి ఈ చివరికి చూసింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టాం.

“సువర్చలాదేవితో ఉన్నాడా స్వామి! ఎంత మంచి పని చేశావురా. జ్యేష్ఠ శుద్ధ దశమికి కల్యాణం చేస్తారు వీళ్లకి.”

సూర్యుడి దగ్గర వ్యాకరణాలు పూర్తిచెయ్యడానికి పేరుకి పెళ్లాడి బ్రహ్మచారిగానే ఉండిపోయిన మన హనుమంతుడి భార్య ఆవిడ. రావణుడి కూతురు పేరు నా నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. సాయంత్రానికి స్టేట్‌మెంట్ పీస్ మీద రెండు గంధం బొట్లు, ఫ్రేముకి మల్లెదండ, స్పాట్‌లైటు కింద ఊదొత్తుల స్టాండు. చెప్పుల స్టాండు బాల్కనీలోకి పోయింది. చికెన్ సంగతి అడగొద్దు.

మంగళవారం అమ్మ పూజ చేస్తూ ఆగి, పటం మీదికి వంగింది.

“ఒరే, సువర్చలమ్మకి కాళ్లు కనపడవేం? ఇదేదో తోకలా ఉందే?”

“అక్కడ చీర అలా కడతారమ్మా.”

ఇంకాస్త దగ్గరగా చూసింది. పొలుసుల మీద బంగారు గీతలు దీపం వెలుగులో తళుక్కుమన్నాయి.

“కుచ్చిళ్లు బాగా కుదిరాయి” అంది.