గోముఖ వ్యాఘ్రానికి పిచ్చి ముద్ర

విశాఖ మద్దిలపాలెం జంక్షన్‌లో టీ తాగుతుంటే పక్కన ఇద్దరు ఫోన్‌లో వార్త చూస్తున్నారు. ఎవడో భార్యను పొడిచి పారిపోయాడట. తెర కింద ఎర్ర పట్టీలో ‘సైకో భర్త’ అని పెద్ద అక్షరాలు. పెద్దాయన గ్లాసు బల్ల మీద పెట్టి, “ఇలాంటోళ్లని వాల్తేరు ఆసుపత్రిలో పడేసి తాళం వేసేయాలి” అన్నాడు. రెండో ఆయన తలూపాడు.

వాల్తేరులో ఉన్నది ప్రభుత్వ మానసిక ఆసుపత్రి. ఉత్తరాంధ్రలో ఆ ఊరి పేరే ఒక తిట్టు. కానీ భార్యను పొడిచినవాడికి, ఆ ఆసుపత్రి ఓపీలో చీటీ పట్టుకుని కూర్చునేవాళ్లకి సంబంధం ఏమిటి? ‘సైకో’ అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ కనబడదు.

ఈ మాట ఇప్పుడు అందరికీ సరిపోతోంది. సెలవు ఇవ్వని బాస్ సైకో. వద్దన్నా మెసేజీలు పెట్టేవాడు సైకో. అర్ధరాత్రి బీచ్ రోడ్డులో సైలెన్సర్ పీకేసిన బండి నడిపేవాడూ సైకోనే. ఎన్నికల నినాదాల్లోకీ ఎక్కేసింది. వైద్యంలో మాత్రం ‘సైకో’ అనే జబ్బు లేదు. సైకోసిస్ ఉంది, సైకోపతి ఉంది. రెండూ గ్రీకులో మనసుకు వాడే ఒకే మాటతో మొదలవుతాయి. పోలిక అంతటితో సరి. సైకోసిస్‌లో మనిషికి వాస్తవంతో పట్టు తప్పుతుంది. లేని గొంతులు వినిపిస్తాయి, ఎవరో తనను చంపడానికి కుట్ర పన్నుతున్నారని గట్టిగా నమ్ముతాడు. చాలామందికి మందులతో గుణం కనిపిస్తుంది. సైకోపతి ఉన్నవాడికి వాస్తవం మనలాగే బాగానే కనిపిస్తుంది. అతనిలో లేనిది ఎదుటివాడి బాధ తనను తాకడం, చేసిన తప్పుకు లోపల కలుక్కుమనడం.

నిజానికి ‘సైకోపతి’ అనే పదం పుట్టుకలోనే గందరగోళం ఉంది. 19వ శతాబ్దం చివర్లో జర్మన్ వైద్యుడు కోఖ్ దీన్ని వాడుకలోకి తెచ్చినప్పుడు రకరకాల స్వభావ దోషాలన్నీ ఇందులోనే పడేశారు. ఇప్పుడు మనం అనుకునే అర్థానికి రూపు ఇచ్చింది అమెరికా మానసిక వైద్యుడు హార్వే క్లెక్లీ. 1941లో ఆయన రాసిన పుస్తకం పేరే ‘మతిస్థిమితం అనే ముసుగు’ అని అర్థమిస్తుంది. ఆయన చెప్పిన మనుషులు కత్తి పట్టుకుని తిరిగేవాళ్లు కాదు. కలుపుగోలుగా మాట్లాడతారు, అలవోకగా అబద్ధమాడతారు, సిగ్గుపడరు, ఎన్ని దెబ్బలు తిన్నా బుద్ధి తెచ్చుకోరు. ఆయన రాసిన లక్షణాల జాబితాలో ‘భ్రమలు లేకపోవడం’ కూడా ఒకటి. అంటే పిచ్చి లేకపోవడమే ఒక లక్షణం!

ఇది చదివినప్పుడు నాకు మన ‘గోముఖ వ్యాఘ్రం’ గుర్తొచ్చింది. మన పెద్దలకు ఈ తేడా తెలుసు. పిచ్చివాణ్ని పిచ్చివాడన్నారు, ఆవు మొహం పెట్టుకున్న పులికి వేరే పేరు పెట్టారు. రెండింటినీ కలిపేసింది మనమే, అదీ ఇంగ్లిష్ మాట చేతికొచ్చాక.

సరే, ఫలానావాడు సైకోపతా అని తేల్చేదెలా? కెనడా సైకాలజిస్టు రాబర్ట్ హేర్ తయారుచేసిన చెక్‌లిస్టులో 20 అంశాలుంటాయి, ఒక్కోదానికి 0, 1 లేదా 2. మొత్తం 40కి 30 లేదా అంతకంటే ఎక్కువ వస్తేనే అమెరికాలో సాధారణంగా ఆ పేరు పెడతారు. శిక్షణ పొందినవాళ్లు మనిషితో సుదీర్ఘంగా మాట్లాడి, పాత రికార్డులు తిరగేసి వేసే మార్కులివి. టీవీ స్టూడియోలో యాంకర్ అరగంటలో తేల్చేసేది కాదు. పైగా అమెరికా వైద్యులు వాడే డీఎస్ఎం అనే మానసిక జబ్బుల గ్రంథంలో సైకోపతి విడిగా ఒక జబ్బుగా లేదు. దానికి దగ్గరగా ఉన్నది సంఘ వ్యతిరేక వ్యక్తిత్వ లోపం. అది కూడా 18 ఏళ్లు నిండనివాళ్లకు పెట్టకూడదు.

భార్యను పొడిచినవాడు సైకోసిస్, సైకోపతి రెండు కోవల్లోనూ పడకపోవచ్చు. అనుమానం, తాగుడు, ‘నా పెళ్లాం నా ఇష్టం’ అనే పొగరు చాలు కత్తి తీయడానికి. సైకో అనగానే ఆ పొగరు చర్చలోంచి తప్పుకుంటుంది. మనలాంటివాడు కాదులే, అదేదో వింత జంతువు అని మనమూ చేతులు దులుపుకుంటాం. చట్టం మాత్రం అంత తేలిగ్గా వదలదు. భారతీయ న్యాయ సంహితలోని 22వ సెక్షన్ ప్రకారం, మతిస్థిమితం లేక తాను చేస్తున్నది ఏమిటో గానీ, అది తప్పో కాదో గానీ తెలుసుకోలేని స్థితిలో ఉన్నవాడికే మినహాయింపు. జాలి లేకపోవడం ఆ లెక్కలోకి రాదు.

తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లలో అత్యధికులు ఎవరి మీదా చెయ్యెత్తరు. దెబ్బలు తినే వైపే ఎక్కువగా ఉంటారు. మా వీధిలో ఒకావిడ నెలకోసారి కొడుకు మందుల కోసం వాల్తేరు వెళ్తుంది. చుట్టాలకు మాత్రం కంటాసుపత్రికి అని చెబుతుంది. డిగ్రీ రెండో ఏడాదిలో అతనికి గొంతులు వినిపించడం మొదలైంది. ఇప్పుడు మాత్రలు వేసుకుంటూ జిరాక్స్ షాపులో పని చేసుకుంటున్నాడు. మొన్న చిల్లర దగ్గర మాటామాటా వచ్చి ఒక కాలేజీ కుర్రాడు “సైకోగాడు” అనేసి వెళ్లిపోయాడట. ఆ కుర్రాడికి ఏమీ తెలియదు, వాడికి క్యాచ్ వదిలేసిన ఫీల్డరూ సైకోనే. కానీ ఆవిడ రెండు రోజులు నిద్రపోలేదు. మూడో రోజు మా గుమ్మంలోకి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది: “మావాడి సంగతి ఆ అబ్బాయికెలా తెలిసిపోయిందండీ?”